పదేళ్ల తర్వాత పాడబోతున్న గాయని షోలో 30 వేల డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: అట్లాంటాలో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. పదేళ్లుగా స్టేజీ ఎక్కని ఒక సోల్ (నల్లజాతి అమెరికన్ల సంగీత శైలి) గాయని మళ్లీ పాడబోతోంది. ఆ షో పెడుతున్న నా స్నేహితుడు 30 వేల డాలర్లు అడుగుతున్నాడు. ఆరు నెలల్లో 20 శాతం కలిపి ఇస్తానంటున్నాడు. అది వచ్చే ఏడాది ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బు. ఇవ్వమంటారా?

జవాబు: వద్దండీ. అలాగని ఆమెకు గిరాకీ ఉండదని నేను అనను. సోల్ గాయని షాడే పదేళ్ల విరామం తర్వాత 2010లో ఆల్బమ్ తెస్తే అమెరికాలో మొదటి వారమే 5 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. మాక్స్‌వెల్ అనే గాయకుడు ఎనిమిదేళ్లు కనబడకుండా పోయి, 2009లో ఆల్బమ్‌తో వచ్చీ రాగానే అమెరికా చార్టులో నంబర్ వన్ అయ్యాడు. మీ స్నేహితుడు మీకు చెప్పినవి కూడా ఇలాంటి కథలే అయి ఉంటాయి.

అవే కథలు ఇంకొంచెం ముందుకు చదవండి. మాక్స్‌వెల్ అప్పుడు చెప్పింది మూడు భాగాల ఆల్బమ్. రెండోది వచ్చేసరికి 2016 అయింది. మరో గాయకుడు డి'ఏంజెలో 2000 తర్వాత మళ్లీ ఆల్బమ్ ఇచ్చింది 2014 డిసెంబర్‌లో. దానికి గ్రామీ కూడా వచ్చింది. కానీ 2025 అక్టోబర్‌లో ఆయన చనిపోయేదాకా మరొకటి రాలేదు. ఇలాంటి కళాకారుల తేదీలను నమ్ముకుని ఇంటి డబ్బు పెట్టకూడదు.

పైగా ఆల్బమ్ ఎంత ఆడినా ఆ డబ్బు మీ స్నేహితుడికి రాదు. ఆయనకు వచ్చేది టికెట్ల డబ్బే. ఉదాహరణకి 2,000 సీట్ల హాలు, టికెట్ 80 డాలర్లు అనుకుందాం. హౌస్‌ఫుల్ అయితే లక్షా 60 వేలు. గాయనికి గ్యారంటీ (టికెట్లు ఎన్ని అమ్మినా ఇవ్వాల్సిన పారితోషికం) 80 వేలు, హాలు అద్దె, సౌండ్, ప్రచారం కలిపి 55 వేలు పోతే మిగిలేది 25 వేలు. పెద్ద పేరున్నవాళ్ల ఒప్పందాల్లో ఈ మిగులులో కూడా 85 శాతం దాకా కళాకారులకే వెళ్తుంది. అంటే ప్రమోటర్, అదే షో పెట్టే మీ స్నేహితుడి చేతికి 3,750. మీకిస్తానన్న 20 శాతమే 6,000 కదా, మిగతాది ఎక్కడి నుంచి తెస్తాడు? ఇది హాలు నిండితే సంగతి. 70 శాతమే నిండితే 23 వేలు నష్టం, అది మీ డబ్బులోంచే పోతుంది.

ఆయన్ని మూడు కాగితాలు అడగండి: గాయనితో సంతకమైన కాంట్రాక్టు, ఆమె రాకపోతే వర్తించే క్యాన్సిలేషన్ ఇన్సూరెన్సు, టికెట్ల డబ్బులో మీ వంతు ఎవరి తర్వాత వస్తుందో రాసిన ఒప్పందం. "మన మధ్య కాగితాలేంట్రా" అంటే మీ జవాబు మీకు దొరికినట్టే. మొహమాటం తప్పకపోతే, పోయినా బాధపడని వెయ్యి, రెండు వేలు ఇవ్వండి.

డౌన్ పేమెంట్ డబ్బు ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు అమెరికా ప్రభుత్వ బీమా) రక్షణ ఉన్న సేవింగ్స్ ఖాతాలోనో, ప్రభుత్వం తీసుకునే స్వల్పకాలిక అప్పు పత్రాలైన ట్రెజరీ బిల్లుల్లోనో ఉంచండి. షోకి మాత్రం తప్పకుండా వెళ్లండి, టికెట్ కొనుక్కుని. షాడే వస్తానంటే నేనైతే మొదటి రోజే కొంటాను.