ఆబగా చదివే అమ్మాయికి

చి. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

నెలకి పన్నెండు పుస్తకాలు మొదలుపెట్టి రెండే పూర్తి చేస్తున్నానని రాశావు. కథలు, ఖగోళం, పద్యాలు, వంటల చరిత్ర, అన్నీ కావాలి నీకు. ఆ ఆబ తగ్గించుకోమని చెప్పను. ఆకలి రుచెరగదంటారు, చదువు విషయంలో అది వరమే. రుచి చూసుకుని చదివేవాళ్లు ఒకే రకం పుస్తకాల దగ్గర ఆగిపోతారు. చిక్కల్లా అన్నిటినీ ఒకే వేగంతో చదవబోవడంలో వస్తోంది.

ఒకసారికి మూడే ఉంచుకో. బరువైనది ఒకటి, పరుగెత్తేది ఒకటి, ముక్కలుగా చదవగలిగేది ఒకటి. చెన్నైలో తాంబరం నుంచి బీచ్ స్టేషనుకి లోకల్ రైల్లో నిలబడి వెళ్లేటప్పుడు నవల పట్టుకో, ముప్ఫై నలభై పేజీలు సాగుతాయి. సైన్సు పుస్తకం అక్కడ తెరవకు. దానికి బల్ల, పెన్సిలు, తెల్లకాగితం కావాలి. గంటకి ఎనిమిది పేజీలు నడిస్తే బాగా నడిచినట్టే. బొమ్మ వచ్చిన చోట పుస్తకం మూసి నువ్వే గీసి చూడు. గీయలేకపోతే వెనక రెండు పేజీలు బుర్రకెక్కలేదన్నమాట. చరిత్ర పుస్తకాన్ని చివరినుంచి తెరువు. ముందు ఆధారాల పట్టిక, తర్వాత పటాలు, అప్పుడు మొదటి అధ్యాయం. శాసనాలు చూసి రాశారా, ఇంకొకరి పుస్తకం చూసి రాశారా అన్నది అక్కడే బయటపడుతుంది. కథల సంపుటాలకి వరస అక్కర్లేదు, పడుకునే ముందు ఒకటి చాలు.

పద్యం దగ్గర చాలామంది జారిపోతారు. రోజుకి నాలుగే, అంతకు మించొద్దు. మొదట గట్టిగా చదువు, అర్థం వెతక్కు. రెండోసారి క్రియ ఎక్కడుందో పట్టుకో, ఆ పని ఎవరు చేశారో చూడు. తక్కిన విశేషణాలు వాటినే పట్టుకుని వేలాడుతుంటాయి. నిఘంటువులో మాట దొరకలేదంటే అది వేషం మార్చుకుని ఉంటుంది. 'వాఁడువోయె' అని ఉందనుకో, 'వోయె' ఎంత వెతికినా కనపడదు. ప్రథమావిభక్తి మీద, అంటే 'వాఁడు' లాంటి కర్త మాట తర్వాత, క, చ, ట, త, ప అనేవి గ, స, డ, ద, వ లుగా మారుతుంటాయి. 'వ'ని 'ప' చేస్తే 'పోయె' అవుతుంది, ఇక 'పోవు' దగ్గర చూసుకోవచ్చు. ఈ ఒక్కటి తెలిస్తే మొదటి వారం గండం గట్టెక్కుతావు. ఆంధ్రభారతి సైటులో బోలెడు నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు.

ఇక సగంలో వదిలేసే జబ్బు. కష్టమైన పేజీ రాగానే కొత్తది తెరుస్తున్నావు, అందుకే పది పుస్తకాల మొదటి అధ్యాయాలే వంటబడుతున్నాయి. మానేయాలనిపిస్తే మానేయి, తప్పు లేదు. కానీ అధ్యాయం చివరే మానేయి. ఎందుకు ఆపావో చీటీ మీద ఒక్క వాక్యం రాసి అందులోనే పెట్టు. 'పేర్లు కలగాపులగం' అని ఉంటే, మళ్లీ తీసినప్పుడు పాత్రల పేర్లు రాసుకుంటూ మొదలుపెడతావు. అనువాదం కొరుకుడుపడకపోతే మూల రచయితని తిట్టకు, మరొకరి అనువాదం ఉందేమో అడుగు.

జనవరి పుస్తక ప్రదర్శనలో పది శాతం తగ్గింపు చూసి సంచీ నింపేయకు. ముందు గ్రంథాలయంలో ఇరవై పేజీలు చదివి చూడు. ఎగ్మూరు స్టేషన్లో దిగి పాంథియన్ రోడ్డు వైపు నడిస్తే 1896 నాటి కన్నెమరా గ్రంథాలయం. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాలు ఒక్కో ప్రతి అక్కడికి పంపాలి, తెలుగువి కూడా. పంపని ప్రచురణకర్తలూ ఉంటారనుకో. అయినా చెన్నైలో తెలుగు పుస్తకం దొరకదని గొణిగే ముందు అక్కడ కేటలాగు చూడు. కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే చోటుంది. నీ ఖగోళానికి ఆ బల్లే సరి. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్క పుస్తకమే పట్టుకెళ్లు. సంచీలో రెండోది ఉంటే, కష్టమైన పేజీ రాగానే చెయ్యి అటే పోతుంది.

ఇట్లు,
పెద్దమ్మ