పసుపు రైతు కొడుకు అంటే సరిపోదు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడికి,

డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టిన డాక్టర్ అంజిరెడ్డి గారి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. మొదటి పేరాలో ఆయన తాడేపల్లిలో పసుపు పండించే రైతు ఇంట పుట్టారు. రెండో పేరాకే ఆయన కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌కు చేరిపోయింది. మధ్యలో ఉన్నదంతా పట్టుదలే. పట్టుదల ఉన్నవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఎంతోమంది ఉండే ఉంటారు. ఈయనకే ఎలా కుదిరిందన్నది పాఠకుడి ప్రశ్న. దానికి నీ వ్యాసంలో జవాబు లేదు.

జవాబు కావాలంటే 1984కు ముందున్న ఖాళీ నింపు. బొంబాయి యూడీసీటీ అనే కెమికల్ టెక్నాలజీ కాలేజీలో చదువు, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఎన్‌సీఎల్‌లో పీహెచ్‌డీ, ఆ తర్వాత 1969 నుంచి హైదరాబాద్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఉద్యోగం. సోవియట్ సాయంతో కట్టిన ఆ ప్రభుత్వ ఫ్యాక్టరీలో పని నేర్చుకుని బయటికొచ్చి మందుల కంపెనీలు పెట్టినవాళ్లు ఆయన ఒక్కరే కాదు. ఆయన కూడా ముందు యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ అని భాగస్వాములతో నడిపి, ఆ తర్వాతే 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. సొంత పేరుతో బోర్డు కట్టేనాటికి పదిహేనేళ్ల పనితనం చేతిలో ఉంది. దీన్ని సున్నా నుంచి మొదలైన కథ అంటే ఎలా?

పేటెంటు చట్టం ఊసు కూడా నీ వ్యాసంలో లేదు. 1970లో చేసిన చట్టం 1972 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం అప్పట్లో మందు మీద పేటెంటు ఇచ్చేవారు కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చేవారు, అదీ మహా అయితే ఏడేళ్లకు. విదేశీ కంపెనీ మందును ఇంకో దారిలో తయారు చేయగలిగిన కెమిస్టుకు మన దేశంలో అడ్డు చెప్పేవాళ్లు ఉండేవారు కాదు. 2005 జనవరి 1 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఈ రెండు తేదీలూ లేకుండా హైదరాబాద్ మందుల పరిశ్రమ గురించి ఏం రాసినా సగమే అవుతుంది.

ఇక కెమిస్టు ప్రతిభ. "అసాధారణ మేధావి" అని రాసి వదిలేశావు. దాని బదులు లెక్క చూపించు. ఒక ముడి మందు (బల్క్ డ్రగ్, అంటే మాత్రల్లో వేసే అసలు మందు) తయారీలో ఐదు దశలు ఉన్నాయనుకో. ఒక్కో దశలో నూటికి 80 వంతులు దక్కితే, ఐదో దశ దాటేసరికి మిగిలేది 33 వంతులే. ఒక్కో దశలో 90 దక్కించుకోగలిగితే 59 మిగులుతుంది. అదే ముడిసరుకు, దాదాపు అదే కూలీ, సరుకు మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే. బల్క్ డ్రగ్ వ్యాపారంలో లాభం పుట్టే చోట్లలో ముఖ్యమైనది ఇదే. ఈ నాలుగు వాక్యాలు చదివిన పాఠకుడికి ఇంకే విశేషణమూ అక్కర్లేదు.

పెట్టుబడి అంకెల దగ్గర మరీ జాగ్రత్త. ధీరూభాయ్ అంబానీ 1958లో 15,000 రూపాయలతో మొదలుపెట్టారని చెబుతారు. చిక్ షాంపూ రంగనాథన్ 1983లో కడలూరులో మొదలుపెట్టిందీ 15,000తోనే. అంకె ఒకటే కదా అని రెండింటినీ ఒక గాటన కట్టకు. 1958లో ఆ డబ్బుకు కిలోన్నర బంగారం వచ్చేది, 1983లో పది కాసులు. పాత అంకె ఎక్కడ కనపడినా ఆ ఏటి బంగారం ధరతోనో, గుమస్తా జీతంతోనో తూచి చూడు. ముంబై గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్లు 1959 మార్చి 15న లిజ్జత్ పాపడ్ మొదలుపెట్టడానికి అప్పు చేసిన 80 రూపాయలు ఆనాటికి ఇంచుమించు కాసు బంగారం. నిజంగా చిన్న మొత్తమే, కానీ ఊరికే వచ్చే మొత్తం కాదు.

రంగనాథన్ విషయంలో ఇంకోటి కూడా ఉంది. ఆయన తండ్రి చిన్ని కృష్ణన్ అంతకుముందే షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మిన మనిషి. కొడుకు ఇంటి వ్యాపారం వదిలి బయటికొచ్చిన మాట నిజమే, అయితే ఆ విద్య ఇంట్లోదే. అది రాస్తే ఆయన గొప్పతనం తగ్గదు. ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితమని ప్రకటించి, జనం అలవాటు పడ్డాక చిక్ ఖాళీలకే ఇస్తామనడం ఆయన సొంత ఆలోచన. నీ వెలుగంతా అక్కడ పెట్టు.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయని అడిగావు. కంపెనీ షేర్లు ఇటీవలి దశాబ్దాల్లో అమ్మకానికి వచ్చి ఉంటే, షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ వెబ్‌సైట్‌లో ప్రాస్పెక్టస్, అంటే షేర్లు అమ్మేముందు కంపెనీ తన వివరాలన్నీ చెప్పే పత్రం, ఉచితంగా దొరుకుతుంది. అది చాలా లావుగా ఉంటుంది, అంతా చదవక్కర్లేదు. క్యాపిటల్ స్ట్రక్చర్ అధ్యాయం తీయి. కంపెనీ పుట్టిన రోజు నుంచి ఏ తేదీన, ఎవరికి, ఎంత ధరకు షేర్లు ఇచ్చారో వరసగా ఉంటుంది. "ఒంటరి పోరాటం" అని ఇంటర్వ్యూల్లో చెప్పిన పెద్దమనిషికి మొదటి ఏడాదే బావమరిది డబ్బు పెట్టిన సంగతి అక్కడే బయటపడుతుంది. తర్వాత కోర్టు కేసుల అధ్యాయం, బంధువుల కంపెనీలతో లావాదేవీల పట్టిక చూడు. షేర్లు అమ్మని కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి కాగితాలు చూడొచ్చు. ఛార్జీల (అంటే తాకట్టుల) జాబితాలో ఏ బ్యాంకు, ఎప్పుడు, ఏ ఆస్తి తాకట్టు మీద అప్పిచ్చిందో ఉంటుంది. కంపెనీ గుర్తింపు సంఖ్యలో 21 అక్షరాలుంటాయి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉన్న అంకెలు అది రిజిస్టరైన సంవత్సరం. యజమాని చెప్పే సంవత్సరంతో అది కలవకపోతే వెంటనే అబద్ధమనుకోకు. ముందు భాగస్వామ్య సంస్థగా నడిపి ఉండొచ్చు. అడుగు.

మనిషి ఎదుట కూర్చున్నప్పుడు "మీ కష్టాలు చెప్పండి" అని మాత్రం అనొద్దు. వందసార్లు చెప్పిన కథే ఇంకోసారి చెబుతారు. మొదటి సరుకు అరువు ఇచ్చింది ఎవరు, ఎన్నాళ్లకు కట్టారు, దుకాణాల వాళ్లు మీకెన్నాళ్లకు కట్టారు అని అడుగు. రోజుకు పదివేల సరుకు అమ్మేవాడు 60 రోజులు అరువిస్తే ఆరు లక్షలు బయట ఇరుక్కుంటాయి. ఆర్డర్లు బోలెడు ఉండి కూడా చిన్న ఫ్యాక్టరీలు మూతపడేది చాలాసార్లు ఇందుకే. ఆ ఆరు లక్షలు ఎవరు సర్దారో తెలిస్తే నీకు కథ దొరికినట్టే. పాత బిల్లు పుస్తకం ఉందేమో అడుగు, అప్పటి గుమస్తా బతికుంటే ఆయన్నీ కలువు. యజమాని మరిచిపోయిన అంకెలు గుమస్తాకు గుర్తుంటాయి.

ఎవరి గురించి రాశావో వాళ్లకు వ్యాసం మొత్తం చూపించొద్దు. అంకెలూ తేదీలూ మాత్రం విడిగా రాసి పంపి సరిచూసుకో.

ఇంకో మాట: మూడో పేజీలో ఒక అంకెను టర్నోవర్ (మొత్తం అమ్మకాలు) అన్నావు, ఐదో పేజీలో అదే అంకెను లాభమన్నావు, చివర్లో ఆయన ఆస్తి అన్నావు. ముందు అది ఏమిటో, ఏ ఆర్థిక సంవత్సరానిదో తేల్చుకుని, సవరించిన ప్రతిలో పక్కనే రాసి పంపు.

ఇట్లు,
మీ అన్నయ్య