ఉత్తర స్వీడన్ మంచుకొండల్లో యాత్రలు నడపాలంటే

స్వీడన్ ఉత్తరాన కిరునా, యొక్‌మొక్ ప్రాంతాల్లో చిన్న యాత్రా సంస్థ పెట్టాలనుకునేవాళ్లు, అలాంటి సంస్థల్లో పనికి కుదరాలనుకునేవాళ్లు రాసిన ఉత్తరాల్లోంచి కొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేమిద్దరం స్టాక్‌హోంలో ఉద్యోగాలు చేస్తున్నాం. ఏటా స్నేహితులను యొక్‌మొక్ వైపు స్కీ యాత్రలకు తీసుకెళ్తుంటాం. దీన్నే కంపెనీగా మార్చాలనుకుంటున్నాం. గైడ్ లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, స్టాక్‌హోం)

జవాబు: స్వీడన్‌లో గైడ్ పనికి ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. అలాగని బాధ్యత తగ్గదు, మొత్తం మీ నెత్తినే పడుతుంది. వినియోగదారుడికి అమ్మే సేవ భద్రంగా ఉండాలని చట్టం చెబుతుంది. కాబట్టి ప్రతి దారికీ ప్రమాదాల అంచనాను కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎక్కడ వెనక్కి తిరగాలి, గాలి ఎంత ఉంటే బయల్దేరకూడదు, మధ్యలో ఎటు దిగిపోవచ్చు అన్నవి అందులో ఉండాలి.

లైసెన్సు కంటే ముందు చూడాల్సింది ప్యాకేజీ యాత్రల చట్టం. ఇది 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. బస, రవాణా, గైడ్ వంటి సేవల్లో వేర్వేరు రకాలవి రెండింటిని కలిపి ఒకే యాత్రగా అమ్మారనుకోండి. అది 24 గంటలు దాటినా, అందులో ఒక్క రాత్రి బస ఉన్నా ప్యాకేజీ కిందికే వస్తుంది. అప్పుడు కమ్మర్‌కొల్లేగియెట్ అనే ప్రభుత్వ సంస్థకు దరఖాస్తు చేసి యాత్రా హామీ పెట్టాలి. మీ కంపెనీ దివాళా తీస్తే అతిథుల డబ్బు ఆ హామీలోంచే తిరిగి ఇస్తారు. ముందు హామీ, ఆ తర్వాతే అమ్మకం. శరదృతువులో అడ్వాన్సులు తీసేసుకుని జనవరిలో హామీ సంగతి చూద్దామనుకుంటే చట్టాన్ని మీరినట్టే. హామీకి బ్యాంకు గ్యారంటీ తీసుకుంటే బ్యాంకు అంత సొమ్మూ తాకట్టుగా అడగొచ్చు. చిన్న కంపెనీకి చేతిలో డబ్బు ఆడకపోయేది ఇక్కడే.

అందుకే మా సలహా: మొదటి సీజన్‌లో రాత్రి బస లేని ఒక్కరోజు యాత్రలే అమ్మండి, లేదా ఇప్పటికే హామీ ఉన్న కంపెనీకి గైడ్‌గా పనిచేయండి. అడవిని, లెక్కలను రెండింటినీ నేర్చుకోవడానికి అది మంచి ఏడాది.

కంపెనీ రూపం విషయానికొస్తే, సొంత పేరుతో నడిపే సంస్థలో అప్పులకు మీ ఇల్లూ వాకిలీ పూచీ. అక్తీబొలాగ్, అంటే వాటాల కంపెనీకి కనీస మూలధనం 25,000 క్రోనార్లు. మంచుకొండల్లోకి మనుషుల్ని తీసుకెళ్లే పనికి రెండోదే తగినది. బాధ్యతా బీమా దేనికైనా తప్పదు.

ఒప్పందంలో కనీస సంఖ్య రాసుకోవడం మరవకండి. అంతమంది చేరకపోతే పరిహారం లేకుండా యాత్ర రద్దు చేయొచ్చు, కానీ గడువుంది. 6 రోజులు దాటే యాత్రకు 20 రోజుల ముందు, 2 నుంచి 6 రోజుల యాత్రకు 7 రోజుల ముందు, అంతకంటే చిన్నదానికి 48 గంటల ముందు చెప్పాలి. కట్టిన డబ్బు 14 రోజుల్లో పూర్తిగా తిరిగివ్వాలి.

ప్రశ్న: స్వీడన్‌లో ఎవరి నేల మీదైనా నడిచే హక్కు అందరికీ ఉందంటారు కదా. మరి రెయిన్‌డీర్ పెంపకందార్లను అడగడం ఎందుకు? (ఒక పాఠకుడు, యోతెబొరి)

జవాబు: ఆ హక్కు మనిషిది. 1994 నుంచి రాజ్యాంగంలోనూ దాని ప్రస్తావన ఉంది. కంపెనీలు కూడా దాని మీద ఆధారపడి యాత్రలు నడపొచ్చు, కానీ నేలకూ, అక్కడ బతుకుదెరువు ఉన్నవాళ్లకూ నష్టం చేయకూడదు. ఒక కుటుంబం ఒకసారి గుడారం వేయడం వేరు, మీ కంపెనీ ప్రతి వారం అదే లోయలో ఎనిమిది మందితో దిగడం వేరు.

స్వీడన్‌లో 51 సమెబీలున్నాయి. ఈ ఉత్తరాది ఆదివాసులైన సామి ప్రజల్లో రెయిన్‌డీర్ల పెంపకం హక్కున్నవాళ్ల సంఘాలివి. మీ దారి కచ్చితంగా వీటిలో ఒకదాని మేత భూముల్లోంచి పోతుంది. సీజన్‌కు ముందే ఆ సంఘానికి ఫోన్ చేసి మీ తేదీలు, దారి, రాత్రి మజిలీలు చెప్పండి. ఏ లోయ వదిలేయాలో, ఎప్పుడు మందను తరలిస్తారో వాళ్లే చెబుతారు.

చలికాలంలో రెయిన్‌డీర్ మంచును గిట్టలతో తవ్వి కింది నాచు లాంటి లైకెన్ తిని బతుకుతుంది. తిండి తక్కువ, ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆధారం. మీ గుంపును చూసి రెండు కిలోమీటర్లు పరిగెత్తిందంటే ఆ కొవ్వు కరిగినట్టే. మార్చి, ఏప్రిల్ నెలల్లో చూడి ఆడవి బాగా నీరసంగా ఉంటాయి. మేలో ఈనుతాయి. ఆ సమయంలో బెదిరిస్తే తల్లీ పిల్లా విడిపోతాయి. అందుకే ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా ఈనే ప్రాంతాల్లో యాత్రలు పెట్టకపోవడమే ధర్మం. అప్పుడు మంచు కూడా మెత్తబడి స్కీకి పనికిరాదు, మీకు పోయేది తక్కువే. నడివేసవిలో దూడల చెవులకు గుర్తులు వేస్తారు, చల్లగా ఉంటుందని ఎక్కువగా రాత్రిళ్లు. పిలిస్తే తప్ప ఆ దొడ్ల దగ్గరికి అతిథులను తీసుకెళ్లకండి.

మంద ఎదురైతే ఆగండి, అందరినీ కూర్చోబెట్టండి, అవి దాటేదాకా కదలకండి. పెంపకందార్లు మందను తోలుకొస్తున్నప్పుడు ఎదుటి గట్టు మీద మీ గుంపు కనబడితే చాలు, మంద వెనక్కి తిరిగి వాళ్ల రోజుల శ్రమ వృథా అవుతుంది. కంచె గేట్లు ఎలా ఉన్నాయో అలాగే వదిలేయండి. డ్రోన్ తీసుకెళ్లొద్దు.

లపోనియా ప్రాంతంలోకి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. సారెక్, పడ్యెలాంటా, స్తూరా షోఫాలెట్, ముద్దుస్ జాతీయ ఉద్యానాలతో కలిసి సుమారు 9,400 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతం 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ప్రకృతి వల్లా, సామి సంస్కృతి వల్లా కూడా. దీని నిర్వహణ సంస్థలో సమెబీలదే మెజారిటీ. వ్యాపార యాత్రలకు ఏ నిబంధనలున్నాయో ముందుగా ఆ సంస్థనే అడగండి. చేపల వేటకు కూడా ఎవరి పర్మిట్ కావాలో కనుక్కోండి. 2020 జనవరిలో గిర్యాస్ సమెబీ కేసులో సుప్రీంకోర్టు ఆ సమెబీ ప్రాంతంలో చిన్న జంతువుల వేట, చేపల వేట హక్కులను ఇతరులకు ఇచ్చే అధికారం ఆ సంఘానిదేనని తీర్పు చెప్పింది.

సామాను మోసే స్నోమొబైల్, చేపలు, మాంసం, ఒక పూట గైడ్ పని, ఇవన్నీ ఆ ఊరివాళ్ల దగ్గరే డబ్బిచ్చి కొనండి. సామి దుస్తులేసుకుని ఫొటోలు దిగే కార్యక్రమం మాత్రం పెట్టకండి.

ప్రశ్న: ఏడు రోజుల స్కీ యాత్రకు ఎంత ధర పెట్టాలి? పోటీ కంపెనీలు 18,000 క్రోనార్లకే ఇస్తున్నాయి. (మొదటి ప్రశ్న అడిగిన పాఠకురాలే)

జవాబు: పోటీ ధర చూసి మీ ధర కట్టకండి. కింది అంకెలు ఉదాహరణకే, వాటి స్థానంలో మీవి వేసుకోండి.

గైడ్ రోజు కూలి 2,200 అనుకుందాం. యాత్ర 7 రోజులైనా సర్దడానికి, తిరిగొచ్చాక కడిగి ఆరబెట్టడానికి 2 రోజులు కలిపి 9 రోజులు, 19,800. దాని మీద 12 శాతం సెలవు వేతనం, ఆ మొత్తం మీద 31.42 శాతం యజమాని చెల్లించే సామాజిక రుసుము. అంటే సుమారు 29,100. ఇద్దరు గైడ్లకు 58,200. ఈ రెండు శాతాలను వదిలేసి వేసే లెక్కలే ఎక్కువ. గైడ్ మీరే అయితే మీ కూలి వేసుకోకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

ఆరుగురు అతిథులు, ఇద్దరు గైడ్లు, మొత్తం ఎనిమిది మంది. తిండికి మనిషికి రోజుకు 250 చొప్పున 14,000. మూడు రాత్రులు గుడిసెల్లో మనిషికి 500 చొప్పున 12,000, మిగతావి గుడారాల్లో. బస్సు, స్నోమొబైల్ బాడుగ 9,000. సామాను అరుగుదల మనిషికి 600 చొప్పున 4,800. బీమా, హామీ, లెక్కల మనిషి, బుకింగ్ ఖర్చుల్లో ఈ యాత్ర వాటా 15,000. మొత్తం 1,13,000. ఆరుగురు వస్తే తలకు సుమారు 18,800, ఐదుగురు వస్తే 21,800, నలుగురే వస్తే 26,300. ఇందులో లాభం లేదు, విలువ ఆధారిత పన్ను లేదు. ఐదుగురి లెక్కను ఆధారం చేసుకుని దాని మీద లాభం, పన్ను వేయండి. ఒప్పందంలో కనీస సంఖ్య కూడా ఐదే రాయండి.

అతిథుల్ని పన్నెండుమందికి పెంచితే తలసరి ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ తుపానులో అంతమందికి గుడారాలు వేయించి, ఒక్కొక్కరి వేళ్లు, ముక్కు చూసేసరికి చీకటి పడుతుంది. ఎనిమిది మందికి మించొద్దని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మైనస్ 20 డిగ్రీల్లో గ్యాస్ స్టవ్ ఆరిపోతోంది. సిలిండర్ ఊపితే లోపల గ్యాస్ ఉన్నట్టే తెలుస్తోంది. కారణమేమిటి? (ఒక పాఠకుడు, ఉమెయో)

జవాబు: చిన్న సిలిండర్లలో ఉండేది మిశ్రమం. బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతాయి. చలిలో ప్రొపేన్ ముందు ఆవిరై వెళ్లిపోతుంది, మిగిలిన బ్యూటేన్ ద్రవంగానే ఉండిపోతుంది. ఊపితే చప్పుడయ్యేది అదే.

చలికాలపు యాత్రకు పంపు ఉన్న బెంజిన్ (పెట్రోలు రకం ఇంధనం) స్టవ్ తీసుకోండి, అందులో శుద్ధిచేసిన బెంజిన్ పోయండి. మంచు కరిగించి వంట చేసేటప్పుడు మనిషికి రోజుకు 2 డెసిలీటర్లు లెక్క. ఎనిమిది మందికి 7 రోజులకు 11.2 లీటర్లు, రెండు రోజుల తుపాను నిల్వ 3.2 లీటర్లు. గుడిసెల రాత్రుల్లో కొంత మిగిలినా నిల్వను మాత్రం తగ్గించకండి. మైనస్ 20లో ఉన్న మంచును మరిగే నీళ్లుగా మార్చడానికి, సున్నా డిగ్రీల నీళ్లను మరిగించడానికి పట్టే వేడికి దాదాపు రెట్టింపు పడుతుంది. అందుకే ఎక్కడైనా పారే నీళ్లు దొరికితే వదలొద్దు.

చెడిపోయేవి ఎప్పుడూ చిన్నవే. పంపులోని తోలు వాషర్ ఎండితే గాలి ఎక్కదు, నూనె రాయాలి. రబ్బరు రింగులు చలికి బిగుసుకుని బెంజిన్ కారుతుంది. విడి రింగులు, జెట్ (ఇంధనం బయటికొచ్చే సన్న రంధ్రం) తుడిచే సూది, రెండు స్టవ్‌లకు ఒక విడి పంపు పెట్టుకోండి. స్టవ్ కింద 30 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క లేకపోతే అది మంచులోకి దిగి ఒరుగుతుంది. సీసా ముప్పావు వంతే నింపండి. గిన్నెలో అడుగున కాసిని నీళ్లు పోశాకే మంచు వేయండి, లేకపోతే అడుగు మాడి నీళ్లు కంపు కొడతాయి. మూసిన గుడారంలో స్టవ్ వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. మైనస్ 25లో కూడా బెంజిన్ గడ్డకట్టదు, అంతే చల్లగా వేళ్ల మీద పడి చర్మాన్ని క్షణంలో కొరికేస్తుంది. పోసేటప్పుడు చేతి తొడుగు తప్పనిసరి.

ప్రశ్న: మా అతిథుల్లో శాకాహారులైన తెలుగువాళ్లు ఎక్కువ. రోజూ మంచు మీద సామాను బండి లాగుతూ స్కీ చేసేవాళ్లకు ఆ తిండి చాలుతుందా? (ఒక పాఠకురాలు, లూలెయో)

జవాబు: చాలుతుంది, నెయ్యి, వేరుశనగ సరిపడా ఉంటే. మనిషికి రోజుకు అటుకులు 120 గ్రాములు, వేయించిన రవ్వ 100, బియ్యం 150, పెసరపప్పు 80, నెయ్యి 90, వేరుశనగలు 120, బెల్లం 60, పాలపొడి 50, చాక్లెట్, ఎండుపళ్లు 100. మొత్తం 870 గ్రాములు, సుమారు 4,000 కిలోకేలరీలు. కందిపప్పు ఉడకడానికి ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఇంట్లో వదిలేయండి. రవ్వను ముందే నేతి పోపుతో వేయించి సంచుల్లో కడితే మరిగే నీళ్లు పోసి మూతపెడితే ఉప్మా సిద్ధం. బెల్లం, నెయ్యి చలికి రాయి అవుతాయి. బయల్దేరే ముందే బెల్లం కొట్టి, నెయ్యి 30 గ్రాముల ముక్కలుగా కోసుకోండి. ఆవకాయ గాజు సీసాలో వద్దు.

హైదరాబాద్ నుంచి వచ్చే అతిథులకు ముందే చెప్పండి: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం సామానులో తేకూడదు. అమ్మ కాచిన నెయ్యి విమానాశ్రయంలోనే పోతుంది. స్వీడన్‌లో వెన్న కొని కాచుకోండి.

ప్రశ్న: ఇండియా నుంచి విమానంలో అతిథుల్ని రప్పించి, దీన్ని పర్యావరణహితం అనడం న్యాయమా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మీరు అడిగింది సబబు. ఆ యాత్ర మొత్తం కాలుష్యంలో పెద్ద వాటా విమానానిదే, గుడారంలో ఎంత పొదుపు చేసినా దానికి సరితూగదు. అందుకే చిన్న కంపెనీ ముందుగా యూరప్‌లోనే ఉన్నవాళ్లకు అమ్మాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు వారం కాదు, రెండు వారాల యాత్ర పెట్టాలి. స్టాక్‌హోం నుంచి రాత్రి రైలెక్కితే ముర్యెక్‌లో దిగి బస్సులో యొక్‌మొక్ చేరొచ్చు, అబిస్కోకు నేరుగా రైలే ఉంది. కాకపోతే ఇనుప ఖనిజం మోసే ఆ పట్టాల మీద 2023 డిసెంబరులో, 2024 ఫిబ్రవరిలో రైళ్లు పట్టాలు తప్పి అబిస్కో వైపు రాకపోకలు వారాల తరబడి ఆగాయి. యాత్రకు ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి.

ప్రశ్న: హిమపాతం, అంటే వాలు మీది మంచు విరిగి జారిపడే ప్రమాదం ఎలా అంచనా వేయాలి? ఫోన్ అందని చోట సాయం ఎలా పిలవాలి? (ఒక పాఠకుడు, ఉప్సలా)

జవాబు: 30 నుంచి 45 డిగ్రీల వాలులే ముఖ్యంగా విరిగిపడతాయి. మీరు నిలబడ్డ చోటే కాదు, మీ పైనున్న వాలు కూడా లెక్కలోకి వస్తుంది. స్వీడన్ పర్యావరణ సంస్థ చలికాలంలో ఇచ్చే హిమపాత సూచన రోజూ చదవండి. అతిథులతో సహా అందరికీ ట్రాన్స్‌సీవర్ (మంచు కింద చిక్కినవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ కర్ర (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర), పార ఉండాలి, వాడకం మొదటి రోజే నేర్పాలి. మంచు కింద చిక్కినవాళ్లు బతికే అవకాశం మొదటి పావుగంట దాటితే వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, తవ్వాల్సింది మీరే.

సాయానికి 112. సిగ్నల్ లేని చోటికి ఉపగ్రహ సందేశ పరికరం తీసుకెళ్లండి, బ్యాటరీ చలికి చావకుండా చొక్కా లోపల పెట్టుకోండి. మార్గంలోని ఏ గుడిసెలో అత్యవసర ఫోన్ ఉందో పటంలో గుర్తు పెట్టండి. పిలుపు అందితే పోలీసులు కొండ రక్షణ దళాన్ని పంపుతారు.

గాలిని కూడా పట్టించుకోండి. మైనస్ 25 డిగ్రీల్లో సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 40తో సమానం. అప్పుడు ప్రతి పావుగంటకూ ఆగి, జంటలుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. తెల్లటి మచ్చ కనిపిస్తే వెచ్చటి అరచేతితో కప్పాలి, మంచుతో రుద్దకూడదు.

ప్రశ్న: సొంతంగా కుక్కలబండ్లు పెట్టుకుంటే ఆదాయం పెరుగుతుందా? (అదే పాఠకుడు)

జవాబు: మొదటి ఐదేళ్లలో వద్దు. అతిథులు నాలుగు నెలలుంటారు, కుక్కలు పన్నెండు నెలలూ తింటాయి. కుక్కలబండి కావాలన్న అతిథికి ఆ ఊళ్లో కుక్కలు పెంచేవాళ్ల దగ్గర ఒక రోజు ఏర్పాటు చేసి, ఆ డబ్బు వాళ్లకే ఇవ్వండి.