టికెట్ డబ్బు వేరు, బస్సు డబ్బు వేరు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: రాష్ట్ర బడ్జెట్, ప్రజా రవాణా, బండి పన్నులు
జవాబులు: ఆర్టీసీ డిపో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఉద్యోగిని

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది మెయిన్ రోడ్డుకు బాగా లోపలున్న పల్లె. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పొద్దున కాలేజీ టైముకు ఒకటే పల్లె వెలుగు. మా ఊరికి వచ్చేసరికే కిక్కిరిసి ఉంటుంది, ఒక్కోసారి ఆపకుండానే పోతారు. ఆడవాళ్ల ఫ్రీ బస్సు పథకం మహాలక్ష్మికి బడ్జెట్‌లో వేల కోట్లు ఇచ్చామంటున్నారు. అన్ని కోట్లు ఇస్తే బస్సులు పెరగాలి కదా?
– ఒక తల్లి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అమ్మా, ఆ వేల కోట్లు బస్సులు కొనడానికి ఇచ్చినవి కావు. అవి టికెట్ డబ్బులు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి మొదలైనప్పటి నుంచి మీ అమ్మాయి ఆధార్ చూపిస్తే కండక్టర్ మెషీన్ నొక్కి జీరో టికెట్ ఇస్తున్నారు. మీ చేతికొచ్చేది చిన్న కాగితం ముక్కే కానీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, అసలు చార్జీ ఎంత అన్నది మెషీన్‌లో నమోదైపోతుంది. డ్యూటీ దిగాక కండక్టర్ డిపోలో లెక్క అప్పజెప్పేటప్పుడు నగదు ఒక వరుస, జీరో టికెట్ల విలువ ఇంకో వరుస. అన్ని డిపోల లెక్కా కలిపి ఆర్టీసీ సంస్థ ప్రభుత్వానికి బిల్లు పెడుతుంది. బడ్జెట్‌లో మహాలక్ష్మి పేరుతో కనిపించే సొమ్ము ఆ బిల్లు తీర్చడానికి.

అందిన డబ్బు సంస్థలో ఎక్కడ ఖర్చవుతుందో కూడా చెబుతాను. డీజిల్, జీతాలు, టైర్లు, స్పేర్లు, అద్దె బస్సుల కిరాయి, అప్పుల వడ్డీ. డీజిల్ మీద తెలంగాణలో 27 శాతం వ్యాట్ ఉంది. సంస్థ కొనే డీజిల్ మీద కూడా అది పడుతుంది. ఇవన్నీ పోను కొత్త బస్సుకు మిగిలేది చాలా తక్కువ. దానికితోడు 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. ఆర్టీసీ బస్సులూ అందులోకే వస్తాయి. అంటే పక్కకు తప్పుకునే పాత బస్సుల స్థానంలో కొన్ని కొనాలి, పెరిగిన జనం కోసం మరికొన్ని కొనాలి. ఈ రెండో లెక్క దగ్గరే ప్రభుత్వాలు చేతులు ముడుచుకుంటున్నాయి.

డిపోలో మేం రోజూ చూసుకునే అంకె ఒకటుంది, ఓఆర్ (ఆక్యుపెన్సీ రేషియో) అంటాం. సీట్లలో ఎంత శాతం నిండాయన్నది అది చెబుతుంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అది డెబ్బై దాటితే డీఎం (డిపో మేనేజర్) గారి ముఖం కళకళలాడేది. ఇప్పుడు నూరు దాటిందని గొప్పగా చెబుతున్నారు. నూరు దాటడమంటే జనం నిలబడి ప్రయాణం చేస్తున్నారని. మీ అమ్మాయి ఫుట్‌బోర్డు మీద వేలాడటం కూడా ఆ అంకెలో కలిసే ఉంది. ఈ పథకం మంచిదని నేను మనసారా నమ్ముతాను. కూలికి పోయేవాళ్లు, పెద్దాసుపత్రికి వెళ్లే ముసలమ్మలు చార్జీ గురించి ఆలోచించకుండా బస్సెక్కుతున్నారు. అందుకే దానికి తగ్గ బస్సులు కావాలని ఇంత గట్టిగా అడుగుతున్నాను.

మీరు చేయాల్సింది చెబుతాను. "బస్సు వేయండి సారూ" అని ఉత్త అర్జీ ఇస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. మీ ఊరి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఏ టైముకు ఎంతమంది విద్యార్థులు వెళ్తున్నారో కాలేజీల వారీగా రాయండి. ఇప్పుడున్న బస్సు ఏ స్టేజీ దగ్గర నిండిపోతోందో రాయండి. గ్రామ పంచాయతీ తీర్మానం, కాలేజీ ప్రిన్సిపాల్ లెటర్ జతచేసి డిపో మేనేజర్‌కు ఇచ్చి, రసీదు తీసుకోండి. మొదట కొత్త సర్వీసు అడగకండి. ఉన్న షెడ్యూల్‌లోనే పొద్దున ఒక ట్రిప్పు మీ ఊరి నుంచి మొదలయ్యేలా మార్చమనండి. రాత్రి బస్సు మీ ఊళ్లోనే నైట్ హాల్ట్ చేస్తే తెల్లారి ఖాళీ బస్సు మీ వాకిట్లోనే ఉంటుంది. డ్రైవర్, కండక్టర్ పడుకోవడానికి శుభ్రమైన గది, బాత్రూమ్ పంచాయతీ చూపిస్తే డీఎంకు కాదనడం కష్టం. ఇలా సాధించుకున్న ఊళ్లు నాకు తెలుసు.

ప్రశ్న: బడ్జెట్ పుస్తకంలో బస్సుల డబ్బు ఎక్కడుందో మాలాంటి మామూలు వాళ్లం చూసి తెలుసుకోగలమా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: చక్కగా తెలుసుకోవచ్చు బాబూ. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో పుస్తకాలన్నీ పెడతారు. మంత్రిగారి ప్రసంగంతో సరిపెట్టుకోకుండా, శాఖల వారీగా ఖర్చులు రాసి ఉండే డిమాండ్ల పుస్తకం తెరువు. ఒక్కో రకం ఖర్చుకు, రాబడికి ఒక్కో ఖాతా ఉంటుంది, దాన్నే పద్దు అంటారు. పద్దుల నంబర్లు దేశమంతా ఒకటే. 3055 రోడ్డు రవాణా మీద రెవెన్యూ ఖర్చు, అంటే ఏటా నడపడానికయ్యే ఖర్చు. 5055 అదే రంగంలో పెట్టుబడి ఖర్చు, అంటే బస్సుల్లాంటి ఆస్తుల మీద పెట్టేది. 7055 అంటే రోడ్డు రవాణాకు ఇచ్చే అప్పు. 2041 ఆర్టీఏ ఆఫీసులు నడిచే ఖర్చు. 0041 మన బండ్ల మీద వచ్చే పన్ను. ఈ అయిదు నంబర్లు గుర్తుంటే చాలు.

3055 బాగా ఉబ్బి, 5055 ఎండిపోయి కనిపిస్తే ప్రభుత్వం టికెట్ డబ్బు కడుతోంది, బస్సులు కొనివ్వడం లేదు అని అర్థం. 7055లో ఉంటే అప్పుగా ఇస్తున్నారు, సంస్థ వడ్డీతో తిరిగి కట్టాలి. చాలామంది తడబడే చోటు ఇంకొకటుంది. ఒకే పథకం డబ్బు మూడు చోట్ల పంచి ఉండొచ్చు. 789 అనే మైనర్ హెడ్ (ఉప పద్దు) కింద ఎస్సీల వాటా, 796 కింద ఎస్టీల వాటా, మిగతాది మరో చోట. మూడూ కలుపుకోకుండా "కేటాయింపు తగ్గించేశారు" అని పోస్టులు పెట్టేస్తుంటారు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ప్రతి పద్దుకూ నాలుగు గడులుంటాయి. 2025-26 పుస్తకమే తీసుకో. 2023-24లో నిజంగా ఖర్చయిన లెక్క, 2024-25 అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, చివర 2025-26 అంచనా. తెలంగాణ బడ్జెట్ ఆ ఏడాది మొత్తం 3,04,965 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌ది 3,22,359 కోట్లు. పేపర్లో వచ్చేవి ఈ చివరి గడిలోని అంకెలే. నా కళ్లు మాత్రం ముందు మొదటి గడి మీదికే పోతాయి. అంచనాకూ నిజంగా ఖర్చయిన లెక్కకూ తేడా ఏటా పెద్దగా ఉంటే, ఈసారి చెప్పిన అంకెను కూడా ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి. సభ ఆమోదించినంత మాత్రాన డబ్బు రాదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, దాన్నే బీఆర్‌ఓ (బడ్జెట్ రిలీజ్ ఆర్డర్) అంటారు. తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్లి టోకెన్ (బిల్లు అందినట్టు ఇచ్చే నంబరు) పడాలి, ఆ టోకెన్ క్లియర్ కావాలి. మార్చి నెలాఖరున టోకెన్ నంబరు పట్టుకుని కూర్చున్న ఏ అకౌంటెంట్‌ను అడిగినా ఆ టెన్షన్ ఏమిటో చెబుతారు.

ప్రశ్న: లైఫ్ ట్యాక్స్ పేరుతో కారు ధరలో అంత శాతం గుంజుతున్నారు. మా కాలనీ రోడ్డంతా గుంతలే. రోడ్డు కోసం కట్టిన పన్ను రోడ్డుకు ఎందుకు పెట్టరు?
– ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. చట్టం మాత్రం అలా లేదు. వాహన పన్ను వేసే అధికారం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 57వ అంశం కింద రాష్ట్రానికి ఉంది. వసూలైన సొమ్ము సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ ఉమ్మడి ఖజానాలో కలిసిపోతుంది. పింఛన్లకూ పోవచ్చు, పాత అప్పు వడ్డీకీ పోవచ్చు. రోడ్లకు వేరే పద్దులున్నాయి, రిపేర్లకు 3054, కొత్త రోడ్లకు 5054. అవి కూడా ఎక్కువగా ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ) రోడ్లకే. మీ కాలనీ రోడ్డు మున్సిపాలిటీది, దానికి ఆస్తి పన్ను గురించి కార్పొరేటర్‌ను నిలదీయాలి. బండి పన్నులో ఇంత వంతు బస్సులకే అని చట్టంలో రాసేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. రోడ్డు మీద ఇరుకుకు కార్లూ ఒక కారణం కాబట్టి, ఆ పన్నులో కొంత బస్సుకు చెందడం న్యాయం.

ప్రశ్న: అక్కా, నేను ఆటో నడుపుతాను. ఫ్రీ బస్సు వచ్చాక గిరాకీ పడిపోయింది. ఫైనాన్స్ కిస్తీ కట్టలేక చస్తున్నా. ఆంధ్రాలో ఆటోవాళ్లకు డబ్బులు వేశారంట. మాకు రావా?
– ఆటో డ్రైవర్, మహబూబాబాద్

జవాబు: తమ్ముడూ, నువ్వు విన్నది నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న ఉచిత ప్రయాణం మొదలైంది. అక్టోబరు 4న ఆటో డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున ఇచ్చారు. అది ఆ రాష్ట్రం వాళ్లకే. తెలంగాణలో ఏడాదికి 12,000 ఇస్తామని 2023 ఎన్నికల మేనిఫెస్టోలో, ఆ ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ పార్టీ రాసింది. ఆ మాట నిలబెట్టుకోమని అడిగే హక్కు నీకు పూర్తిగా ఉంది.

ఏడాదికి ఒకసారి వచ్చే డబ్బు రెండు మూడు కిస్తీలకు సరిపోతుందేమో. రోజూ గిరాకీ ఉండాలంటే పథకాన్నే కాస్త తిప్పి రాయాలి. బస్సు పోలేని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కల్వర్టు ఇరుకు, మలుపు తిరగదు, పాతిక మంది కూడా ఉండరు. అలాంటి చోట్ల నుంచి బస్టాప్ దాకా ఆటోలను ఒప్పందం మీద తీసుకుని, కిలోమీటరుకు ఇంతని ప్రభుత్వమే కట్టొచ్చు. అద్దె బస్సులకు ఆర్టీసీ ఎన్నో ఏళ్లుగా అలాగే కడుతోంది. ఆటోకు కట్టకూడదని ఎక్కడా లేదు. మీ యూనియన్ తరఫున బడ్జెట్‌కు ముందే, మండలంలో బస్సు లేని ఊళ్ల పేర్లు రాసి మీ ఎమ్మెల్యే చేతికివ్వండి. సాయం చేయమని కాదు, పని ఇవ్వమని అడగండి. ఇక కిస్తీ సంగతి. రెండు నెలల కిస్తీలు ఆగిపోకముందే ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడుగు. బండి గుంజుకుపోయాక మాట్లాడటం చాలా కష్టం.

ప్రశ్న: హైదరాబాద్‌కు రెండు వేల ఎలక్ట్రిక్ బస్సులంటున్నారు. ఆర్టీసీని ప్రైవేటుకు అప్పజెప్పడమేనా ఇది?
– కండక్టర్ కుమార్తె, ఉప్పల్

జవాబు: ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే పీఎం ఇ-డ్రైవ్ పథకం కింద కేంద్రం హైదరాబాద్‌కు కేటాయించిన సంఖ్య 2,000. బెంగళూరుకు 4,500, ఢిల్లీకి 2,800. ఈ బస్సులు సంస్థవి కావు. బస్సు, డ్రైవర్, మెయింటెనెన్స్ కంపెనీవి. కండక్టర్, రూటు, టికెట్ రాబడి సంస్థవి. తిరిగిన ప్రతి కిలోమీటరుకూ సంస్థ కంపెనీకి కడుతుంది. సంస్థ సమయానికి కట్టకపోతే ఎలా అని కంపెనీలు భయపడుతుంటే, 2024లో కేంద్రం 3,435 కోట్లతో చెల్లింపు భరోసా నిధి కూడా పెట్టింది. అందులో పన్నెండేళ్ల దాకా రక్షణ ఉంది.

కొనే డబ్బు లేనప్పుడు ఇది ఒక దారి. పొగ తగ్గుతుంది, నగరానికి అవసరం కూడా. నాకు కంగారు కలిగించే విషయం వేరే ఉంది. ఇలాంటి ఒప్పందాల్లో నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు డబ్బు కడతామని హామీ ఇస్తారు. రూటు సరిగ్గా వేయకపోయినా, చార్జింగ్ పాయింట్ సిద్ధం కాకపోయినా ఆ బిల్లు పడుతూనే ఉంటుంది. నువ్వు ఇందాకటి నంబర్లు చూస్తే, పెట్టుబడి పద్దులో బస్సే కనిపించదు, పన్నెండేళ్ల బిల్లు మాత్రం రెవెన్యూ ఖర్చులో ఉంటుంది. మీ నాన్నగారి ఉద్యోగానికి ఇందులో ముప్పు లేదు. కొత్త డ్రైవర్ పోస్టులకు, గ్యారేజీలో మెకానిక్ పోస్టులకు ఉంది. యూనియన్లు ఆ రెండింటి మీద పట్టుబట్టాలి.

చిన్న ప్రశ్నలు కొన్ని.

ఏలూరు నుంచి ఒక గృహిణి: ఖమ్మం వెళ్లే ఆంధ్రా బస్సులో స్త్రీ శక్తి వర్తిస్తుందా?
వర్తించదమ్మా. అంతర్రాష్ట్ర సర్వీసులను ఆ పథకంలో చేర్చలేదు. సరిహద్దు దాటాక తెలంగాణ బస్సెక్కినా మహాలక్ష్మికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డే చూపించాలి. టికెట్ తీసుకోండి.

గుంటూరు బండితో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న యువకుడు: మళ్లీ పన్ను కట్టాలా?
పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. ముందు గుంటూరులో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోండి. ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ వేస్తారు. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగండి, పాత రసీదు పారేయొద్దు.

కరీంనగర్ నుంచి ఒక టీచర్: ఎలక్ట్రిక్ స్కూటర్‌కు పన్ను మినహాయింపు ఎప్పటిదాకా?
2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు. షోరూమ్ వాళ్లిచ్చే కొటేషన్‌లో ఆ రెండు గడుల్లో ఏం రాశారో చూసుకోండి.

నిజామాబాద్ నుంచి ఒక రైతు: పదిహేనేళ్లు దాటిన నా మోటార్ సైకిల్‌ను తుక్కు చేయాల్సిందేనా?
అక్కర్లేదు. ఆ కఠిన నిషేధం ఢిల్లీ పరిసరాలది. ఇక్కడ ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరో అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. మీకై మీరు తుక్కుకు ఇవ్వాలనుకుంటే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలోనే ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త సొంత బండి పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. రాష్ట్రం ఎంత ఇస్తోందో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కున్నాకే పాత బండి అప్పజెప్పండి.