నడవలేని కోడిపెట్ట కింద ఏం పరవాలె?

కుక్క కరిచి కాళ్లు పడిపోయిన పెట్టను ఇంట్ల పెట్టుకున్నమని, ఎన్నిసార్లు మార్చినా కింద తడి, వాసన పోతలేవని అడిగిన్రు కదా అక్కా. మాది మిర్యాలగూడ దిక్కు. మా నల్లపెట్టకు పిల్లప్పుడే మోకాలు కాడ నరం పక్కకు జారింది. పశువుల దవాఖానకు తీస్కపోతే ఇగ సర్దుకోదన్నరు. మూడేండ్ల సంది వంటింటి పక్క వసారాలనే ఉంటది.

మొదట్ల పేపర్లు పరిచిన. మీరు మాత్రం పరవకండి. పేపరు మీద కాలు జారి, దానికి మంచిగున్న కాలు కూడా పక్కకు చీలింది. తర్వాత ఉత్త ఊక పోసిన. మా దగ్గర రైసు మిల్లులకు కొదవ లేదు, ఊక ఎప్పుడంటే అప్పుడు దొరుకుతది, ఫారాలల్ల కూడా అదే పోస్తరు. కానీ ఫారం కోళ్లు ఊకను గీరి గీరి తిరగేస్తయి, అందుకే అది ఆరుతది. మన కోడి గీరలేదు. రెట్ట వేసిన జాగల్నే పొట్ట ఆనించి కూసుంటది. ఊక తడిసి తోకకింద అంటుకపోయింది, రొమ్ము ఎముక మీద తోలు ఎర్రగయింది.

ఇప్పుడు వెడల్పు టబ్బుల మూడు ఇంచుల ఊక పోసి, దాని మీద పాత నూలుచీర ముక్క రెండు మడతలేసి పరుస్తున్న. నూలుదే కావాలె, తడి కిందికి దిగి ఊక గుంజుకుంటది. పాలిస్టరు మీద నీళ్లు నిలుస్తయి. ముక్కలు పన్నెండు చేసి పెట్టుకున్న. పొద్దున, పగటీలి, పొద్దూకి, పండుకునే ముందు గుడ్డ మార్చుడే, టబ్బు మొత్తం కదిలియ్య. తడిసిన ఊక రోజూ గరిటెతోని తీసేస్త, వారానికి రెండుసార్లు మొత్తం మారుస్త. బూజు వాసనొచ్చే ఊక ముట్టనే ముట్టద్దు, ఆ బూజు కోడి ఊపిరితిత్తులను పాడుచేస్తది. ఎండకాలం అది నీళ్లు ఎక్కువ తాగుతది, రెట్ట పల్చగయితది, అప్పుడు ఇంకో రెండుసార్లు మార్చాలె. మధ్యమధ్యల జిగటగా, బాగా కంపుకొట్టే ముదురు రెట్ట పడితే పారుడు అనుకోకండి, అది అన్ని కోళ్లకూ పడేదే.

ఒక శ్రావణమాసం మూడు రోజులు ముసురు పట్టింది. గుడ్డలు ఆరక, సగం తడివే పరిచిన. నాలుగో నాడు నల్లపెట్ట జొన్నలు ముట్టలేదు. తోక ఎత్తి చూస్తే ఈకలు రెట్టతోని గడ్డకట్టి, వాటి కింద తోలు మీద తెల్ల పురుగులు మెసులుతున్నయి. ఈగ గుడ్డు పెట్టిన నాటికి తెల్లారే పురుగైతది. గోరువెచ్చ ఉప్పునీళ్లతో కడిగి, చిన్న పట్టుకారుతోని ఒక్కొక్కటి ఏరితే గంటకు పైననే పట్టింది. తర్వాత దవాఖానకు ఉరికినం. బతికింది. అప్పటిసంది రోజూ పొద్దూకి తోక ఎత్తి చూడంది పండుకోను. అక్కడి మెత్తటి నూగు ఈకలను కత్తెరతోని పొట్టిగ కత్తిరిస్త. ముసురు రోజులల్ల గుడ్డలకు ఇస్త్రీ పెడుత.

గుడ్డలుతికేటప్పుడు ముందు రెట్టను గీకి పెంటకుప్పల వెయ్యండి. ఇంట్లోళ్ల బట్టలతోని కలపద్దు, చేతులు సబ్బుతోని కడుక్కోవాలె. సబ్బు మొత్తం పోయేదాక జాడించి కడక్ ఎండల వెయ్యండి. వాసన పోవాలని నేను ఒకసారి టబ్బుకు ఫినాయిలు రాస్తే, పాపం దాని కండ్లెంట నీళ్లు కారినయి. కలరా ఉండలు, దోమల చుట్ట కూడా దగ్గర పెట్టద్దు, కోడి ఊపిరి మనకంటె సున్నితం. పక్క పొడిగుంటే వాసన దానంతట అదే తగ్గుతది.

ఇంకొకటి, పొద్దంత పక్క మీదనే ఉంచకండి. స్టూలు బోర్లించి నాలుగు కాళ్లకు పాత లుంగీ ఊయల లెక్క కట్టిన. కాళ్లకు రెండు బొక్కలు, తోక కింద రెట్ట పడనీకి ఒకటి. పొద్దునొక గంట, పొద్దూకి ఒక గంట అండ్ల కూసుంటది, ముందట నూకల గిన్నె పెడుత. ఆ రెండు గంటలు రొమ్ముకు గాలి తగులుతది, ఎర్రగయిన తోలు నెల రోజులల్ల మానింది.

మీ పెట్ట కాలివేలు మెల్లగ నొక్కితే కాలు వెనక్కి గుంజుకుంటదా? చూసి చెప్పండి. గుంజుకుంటే ఊయలను పాదాలు కింద స్టూలు పలకకు ఆనేటట్టు కట్టాలె.