సమాధానం: క్లింగోలో ఒక్క జవాబే వస్తోందా?
మీ రూల్స్‌లో తప్పేం లేదండీ. ‘టీ లేకపోతే కాఫీ, కాఫీ లేకపోతే టీ’ అని రాస్తే ప్రోలాగ్ (రూల్స్‌తో ప్రోగ్రాములు రాసే భాష) ఆగట్లేదు, క్లింగో (రూల్స్‌కి సరిపోయే జవాబులు వెతికే ప్రోగ్రామ్) ఒక్క జవాబే ఇస్తోంది అన్నారు. ప్రోలాగ్ కాఫీ కోసం టీని, టీ కోసం మళ్లీ కాఫీని అడుగుతూ స్టాక్ (దానికిచ్చిన మెమరీ) నిండేదాకా తిరుగుతుంది, పాపం.

క్లింగో లెక్క వేరు. కాఫీ ఉందనుకోండి. ‘కాఫీ లేకపోతే’ అన్న రూల్ ఇక పనిచేయదు, కొట్టేయండి. ఇంకోదాంట్లో ‘టీ లేకపోతే’ అన్న షరతు ఎలాగూ నిజమే, తీసేయండి. మిగిలినదాన్నుంచి మనం అనుకున్న కాఫీయే సరిగ్గా వచ్చింది కదా, అదొక స్టేబుల్ మోడల్, అంటే క్లింగోకి ఒక జవాబు. 1988లో గెల్ఫాండ్, లిఫ్‌షిట్జ్ అనే పరిశోధకులు ఇచ్చిన నిర్వచనం ఇదే. టీకీ అంతే, కాబట్టి జవాబులు రెండు. క్లింగో మొదటిది దొరగ్గానే ఆగిపోతుంది. కమాండ్ చివర 0 పెట్టండి, రెండూ వస్తాయి.

‘టీ లేకపోతే టీ’ అని మాత్రం రాయకండి, అసలు జవాబే రాదు.