బరంపురం వచ్చిన కొత్తవాళ్ళకు: పుస్తకం చేతులు మారే పద్ధతి

సందేహం: మాది కాకినాడ. మా వారి ఉద్యోగం మూలంగా బరంపురం వచ్చాం. తెచ్చుకున్న తెలుగు పుస్తకాలు అయిపోయాయి. ఇక్కడ తెలుగు చదివేవాళ్ళు ఉన్నారా? ఎవరేం చదువుతున్నారో, ఏది బాగుందో తెలుసుకోవడం ఎలా?

సమాధానం: అమ్మా, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పాతిక కిలోమీటర్లు వస్తే చాలు, అమెరికా వెళ్ళినవాళ్ళ బెంగే ఇక్కడా మొదలవుతుంది. వీసా లేదు, విమానం లేదు గనక ఇదీ ఒక వలసేనని ఊళ్ళో చుట్టాలు ఒప్పుకోరు. రేషను కార్డు, పిల్లల బడి, అద్దె కాగితం లాంటి వాటి నిబంధనలు ఆయా ఆఫీసుల్లోనే తెలుస్తాయి, వాటి జోలికి నేను పోను. నాకున్న దిగులల్లా ఒంటరితనం గురించే. ఇటు వచ్చిన తెలుగు కుటుంబాలు డబ్బుకు ఎలాగో సర్దుకుంటాయి, బజారు ఒడియా కొద్ది నెలల్లో పట్టుబడుతుంది. సాయంత్రం ఏడు తరవాత మాట్లాడే మనిషి లేక ఇల్లాళ్ళు, రిటైరైన పెద్దవాళ్ళు నలిగిపోతారు. మీరు పుస్తకం అడిగారు గానీ మీకు కావలసింది పుస్తకమూ, దాని గురించి మాట్లాడే మనిషీ. ఇక్కడ కుదురుకున్నవాళ్ళం ఆ రెండూ కుదుర్చుకునే ఉంటున్నాం. మీకూ కుదురుతుంది, కాస్త పద్ధతిగా వెళ్ళాలి.

కొత్తవాళ్ళు మొట్టమొదట పాఠకుల్ని తెలుగు అక్షరాన్ని బట్టి వెతుకుతారు. అక్కడే దెబ్బ తింటారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళకు కొదవ లేదు. అయితే 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చాక, తరాలు గడిచేకొద్దీ పిల్లలు ఒడియా బడుల్లో చదువుకున్నారు. ఇంట్లో మాట తెలుగు, చేతిలో పుస్తకం ఒడియా. అలాంటి మనిషిని ‘తెలుగు చదవడం రాదు’ అని పక్కన పెట్టేస్తే ఊళ్ళో ఉన్న మంచి పాఠకుల్లో సగం మందిని మీరే వదులుకున్నట్టు. ‘మీరు పుస్తకాలు చదువుతారా?’ అనీ అడక్కండి. ‘ఖాళీ ఎక్కడిదమ్మా’ అనే జవాబే వస్తుంది. ‘ఇప్పుడు మీ ఇంట్లో ఏ పుస్తకం నడుస్తోంది?’ అనండి. వారపత్రికో, ఒడియా నవలో, భాగవతమో, ఏదో ఒకటి చెబుతారు. మాట అక్కణ్ణుంచి సాగుతుంది.

ఆరుగురు దొరికితే పుస్తకాలు చేతులు మార్చుకునే గుంపు మొదలుపెట్టేయండి. ఎనిమిదిమంది దాటనివ్వకండి. ఎనిమిదిమంది ఒక గదిలో కింద కూర్చుని మాట్లాడుకోగలరు, పదిహేనుమంది అయితే ఇద్దరు మాట్లాడి మిగతావాళ్ళు టీ తాగి వెళ్ళిపోతారు. ఒక్కొక్కరు ఒక్క పుస్తకం పెట్టాలి. అది తాను చివరిదాకా చదివిందై ఉండాలి. ఈ షరతు దగ్గర మొహమాటపడకండి. సగం చదివి, పేరు విని, బహుమతి వచ్చిందని సిఫారసు చేసిన పుస్తకం తీసుకున్నవాళ్ళ అలమరాలోనే ఉండిపోతుంది.

పుస్తకం వంతుల వారీగా తిరగాలి. ఎవరికి ఇష్టమైంది వాళ్ళు తీసుకోవచ్చంటే పలచటి పుస్తకాలన్నీ మొదటి వారమే ఎగిరిపోతాయి, లావు నవల ఒకటి ఎవరూ ముట్టకుండా పడి ఉంటుంది. రెండు వందల పేజీల లోపు పుస్తకానికి మూడు వారాలు, అంతకు మించితే ఆరు వారాలు గడువు పెట్టండి. గడువు దాటితే జరిమానా వద్దు. జరిమానాకి సిగ్గుపడి మనిషి రావడమే మానేస్తారు, మనకు కావలసింది మనిషి. చదవకపోయినా పుస్తకం తెచ్చి ఇచ్చి, మళ్ళీ రాయించుకుని తీసుకెళ్ళమనండి. రెండు సంపుటాల నవలైతే రెండూ ఒకే చేతికి ఇవ్వాలి. విడదీస్తే మొదటిది ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర ఇరుక్కుని ఇద్దరికీ చదువు ఆగిపోతుంది.

రెండు వందల పేజీల రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొని గళ్ళు గీయండి: వరస సంఖ్య, పుస్తకం పేరు, ప్రచురణ, ఎవరిది, ఎవరు తీసుకున్నారు, తీసుకున్న తేదీ, తిరిగొచ్చిన తేదీ, పుస్తకం స్థితి. చివరి గడి అనవసరమనుకుంటారు. అట్ట ఎప్పుడు చిరిగిందో రాసి లేకపోతే, ‘మీ ఇంటికొచ్చాకే చిరిగింది’ అనే మాటతో స్నేహాలు చెడతాయి. పుస్తకం లోపలి అట్ట మీద సంఖ్య, యజమాని పేరు పెన్సిల్‌తో రాస్తే చాలు. ఫోను నంబర్లు రాయకండి.

అసలు కిటుకు సిఫారసు చీటీలో ఉంది. పోస్టుకార్డంత కాగితం పుస్తకంలోనే ఉంచాలి. ‘చాలా బాగుంది, తప్పక చదవండి’ అన్న చీటీ ఎవరికీ పనికిరాదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ నెమ్మదిస్తుంది, ఎవరికి నచ్చకపోవచ్చు అనే మూడు సంగతులు ఉండాలి. ఇదుగో, ఇలా రాయండి:

‘అతడు-ఆమె. రాసినవారు ఉప్పల లక్ష్మణరావు, మన బరంపురంలోనే 1898లో పుట్టారు. స్వాతంత్ర్యోద్యమం రోజులు. నవలంతా భార్యాభర్తల డైరీలు. ఎవరి డైరీ నడుస్తోందో పేజీ మొదట్లోనే చూసుకోండి. వారం పాటు ఆపితే మళ్ళీ అందుకోవడం కష్టం, రోజుకు ఇరవై పేజీలైనా లాగించండి. రాజకీయ చర్చ ఇష్టం లేనివాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. ఆమె మాటలు మొదలయ్యాక పుస్తకం వదలదు.’

ఈ చీటీ చదివినవాళ్ళు పుస్తకం తెరుస్తారు. తిరిగిచ్చేటప్పుడు దాని కిందే రెండు ముక్కలు రాస్తారు, ఆ తరవాతవాళ్ళు వాళ్ళతో విభేదిస్తారు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని మనుషులు కూడా చీటీ మీద చక్కగా మాట్లాడతారు. బిడియస్తులకు ఇదొక్కటే దారి, అందుకే దీని గురించి ఇంత చెబుతున్నాను.

ఈ ఊళ్ళోనే పుట్టిన మరో రచయిత తాపీ ధర్మారావు, 1887లో. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి దగ్గర చదువుకున్నారు. వీళ్ళ పేర్లు తెలిస్తే బరంపురంలో మీరు పరాయివాళ్ళమన్న భావన కొంత తగ్గుతుంది. కొత్తగా వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఈ సంగతే తెలియదు, తెలుసుకోవాలి.

తెలుగు చదవలేనివాళ్ళ కోసం నెలకొకసారి చదివి వినిపించండి. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) పేజీ పైకి చదవడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. ఎనిమిది పది పేజీల కథంటే పాతిక నిమిషాలు. అదే హద్దు. గంటసేపు చదివితే వినేవాళ్ళ కళ్ళు గడియారం మీదికి పోతాయి. కథ ఎంపికలో ఒక్కటి గుర్తుంచుకోండి, ఉత్తరాంధ్ర మాటలో రాసిన కథలు ఇక్కడివాళ్ళ చెవికి సూటిగా తగులుతాయి. శ్రీకాకుళం, విజయనగరం పలుకు వాళ్ళ అమ్మమ్మల పలుకే. సమాసాలు నిండిన వచనం పెడితే మర్యాదకు కూర్చుని, వచ్చే నెల రారు. చదివి వినిపించడానికి చాసో (చాగంటి సోమయాజులు) కథలు బాగా పనికొస్తాయి, చాలావరకు చిన్నవి. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) కథ ‘యజ్ఞం’ గొప్పదే గానీ ఒక్క పూటలో వినిపించడానికి పొడవు. పైగా పంచాయితీలో అప్పు తగువు, ఊరి చరిత్ర చాలాసేపు నడుస్తాయి. దాన్ని ఎవరికి వారు చదువుకోవాలి.

‘యజ్ఞం’ చదివినవాళ్ళకు వెంటనే గోపీనాథ్ మొహంతి ఒడియా నవల ‘పరజా’ ఇవ్వండి. 1945 నాటిది, కొరాపుట్ కొండల్లో అప్పు కింద వెట్టికి పోయిన గిరిజన కుటుంబం కథ. ఒడియా రాకపోతే ఇంగ్లీషు అనువాదం ఉంది. శ్రీకాకుళం పల్లెలో అప్పు, కొరాపుట్ కొండమీద అప్పు, మధ్యలో మనం ఉంటున్న ఊరు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకున్న రోజున తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు వాళ్ళకు తెలియకుండానే కలిసిపోతారు. ఫకీర్ మోహన్ సేనాపతి ‘ఛ మాణ ఆఠ గుంఠ’ కూడా అంతే. జమీందారు చేతిలో పొలం పోగొట్టుకున్న నేత దంపతుల కథ, 1902లో పుస్తకంగా వచ్చింది. బరంపురం పట్టు నేసే కుటుంబాలు మీ వీధిలో ఉంటే వాళ్ళను పిలిచి ఈ పుస్తకం మీద మాట్లాడించండి. పక్కింటి ఒడియా మౌసీకి (పిన్నిగారికి) మీరు పెట్టే నమస్కారం కన్నా, ఆవిడ చెప్పిన పుస్తకం చదివి వెళ్ళడం ఎక్కువ దగ్గర చేస్తుంది.

కొనుగోలు సంగతి. నెలకు తలకు వంద వేసుకుంటే ఎనిమిది వందలవుతుంది, మామూలు అట్ట పుస్తకాలు మూడు నాలుగు వస్తాయి. ఎవరికి వారు కొంటే అందరూ ఒకే పుస్తకం కొంటారు. విశాఖలో తెలుగు పుస్తకాల దుకాణాలున్నాయి, హౌరా-చెన్నై లైను మీద పలాస, ఆమదాలవలస, విజయనగరం మీదుగా నేరుగా వెళ్ళొచ్చు. రాయగడవాళ్ళకు పార్వతీపురం మీదుగా విజయనగరం దగ్గర. సెలవుకి ఊరెళ్ళే ప్రతి ఇంటివాళ్ళకూ జాబితా ఇచ్చి పంపండి, కానీ ఒక్కొక్కరికి ఐదు పుస్తకాలకు మించి చెప్పకండి. సంచీ బరువెక్కితే వచ్చేసారి తప్పించుకుంటారు. పాత కథ ఏదైనా దొరక్కపోతే శ్రీకాకుళంలో 1997లో మొదలైన కథానిలయం ఉంది. అక్కడ పుస్తకం ఇంటికివ్వరు, కథ జాడ మాత్రం తెలుస్తుంది.

తపాలాలో పంపించుకోవాలంటే 2025 మే నుంచి పుస్తకాల కోసం జ్ఞాన పోస్ట్ అనే తపాలా సేవ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100, పన్ను అదనం. తాజా నిబంధనలు కౌంటరులో అడగండి. రైలు, రోడ్డు మార్గంలోనే వస్తుంది కాబట్టి వానాకాలంలో ఆలస్యమవుతుంది. పుస్తకాన్ని ముందు ప్లాస్టిక్ కవరులో చుట్టి, మూలల మీద మందపాటి అట్టముక్కలు పెట్టి, ఆపైన గోధుమరంగు కాగితం వేయమని పంపేవాళ్ళకు చెప్పండి. నలిగేది ఎప్పుడూ మూలలే.

వాట్సాప్ గుంపు పెట్టుకోండి గానీ అందులో స్కాన్ చేసిన పుస్తకాలు పంచకండి. కాపీరైటు ఉన్న పుస్తకాలు అలా పంచడం చట్టరీత్యా తప్పు, బతికున్న రచయితల పొట్ట కొట్టడం కూడా. పైగా ఫోనులో నలభై ఫైళ్ళు చేరితే ఒక్కటీ ఎవరూ తెరవరు. చీటీ ఫొటో, గడువు తేదీ, వచ్చే కూడిక ఎవరింట్లో, ఈ మూడింటికే గుంపు.

గోపాలపురం సముద్రం పక్కనే ఉంది కాబట్టి బరంపురంలో తేమ ఎక్కువ. జూన్ నుంచి అక్టోబరు దాకా అట్టల మీద బూజు పడుతుంది. అలమరాని గోడకు మూడు అంగుళాల ఎడంగా పెట్టండి, పుస్తకాల్ని బిగించి కుక్కకండి, వేలు దూరేంత సందు ఉండాలి. బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవకూడదు, మరక లోపలికి దిగుతుంది. బయటికి తీసి పొడిగుడ్డతో దులిపి, నీడలో గాలి ఆడేచోట విప్పి నిలబెట్టాలి. ఎండలో పెడితే వీపు దగ్గర జిగురు ఎండి పేజీలు ఊడతాయి. కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి అలమరా మూలన పెట్టండి, కాగితానికి తగలనివ్వకండి.

కూడికకు నెలలో నాలుగో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు మంచిది. మార్గశిరంలో గురువారాలు ఇక్కడి ఇళ్ళల్లో లక్ష్మీపూజ, ముందురోజు నుంచే పని ఉంటుంది, ఆ రోజుల్లో ఎవర్నీ పిలవకండి. రెండేళ్ళకోసారి వేసవి మొదట్లో వచ్చే ఠాకురాణీ యాత్ర నెలంతా సాయంత్రాలు ఊరు వీధిలోనే ఉంటుంది. కూడిక మానేసి మీరూ యాత్రకు వెళ్ళండి. మొదలుపెట్టడానికి ఆగస్టు 29 మంచి రోజు, గిడుగు పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మనకు ఎంతో దూరం కాదు.

బదిలీ ఉద్యోగాల ఊరు గనక ప్రతి ఏడాదీ ఒకరిద్దరు వెళ్ళిపోతారు. సామాను లారీ ఎక్కించే వారంలో పుస్తకాలు అడిగితే దొరకవు, అప్పటికే అట్టపెట్టెల్లోకి పోయుంటాయి. బదిలీ కాగితం వచ్చిందని తెలిసిన రోజే నోటుబుక్కు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళండి. గుంపు పుస్తకాలు తీసుకుని, వాళ్ళవి వాళ్ళకు అప్పగించండి. వంతు వాళ్ళ దాకా రాని పుస్తకం ఏదైనా ఉంటే కొత్త చిరునామా రాయించుకుని జ్ఞాన పోస్ట్‌లో పంపండి, లోపల ఖాళీ చీటీ కూడా పెట్టండి. వాళ్ళ స్థానంలో కొత్తగా వచ్చే కుటుంబం ఏ వీధిలో దిగుతుందో కూడా అప్పుడే కనుక్కోండి.